కుడివైపు సీటు

1984 ఏప్రిల్ 3. కజకిస్తాన్ గడ్డి మైదానం మీద పొద్దు వాలుతోంది. బైకనూర్ ప్రయోగ వేదిక మీద సోయుజ్ రాకెట్టు సిద్ధంగా ఉంది. దాని కొసన ఉన్న చిన్న గదిలోకి రండి. వంగి, ఒదిగి రావాలి. లోపల ముగ్గురు మనుషులు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉన్నారు. భుజానికి భుజం తగులుతోంది. ఎవరి వీపు అచ్చు తీసి వాళ్లకోసమే పోసిన పరుపులు కింద. తెల్లటి సొకోల్ సూట్లు, చేతులకు తొడుగులు, చెవుల్లో రష్యన్ మాటలు.

మధ్య సీటులో కమాండర్ యూరీ మలిషెవ్. ఎడమవైపు ఫ్లైట్ ఇంజనీర్ గెన్నాదీ స్ట్రెకలోవ్. కుడివైపు సీటులో భారత వాయుసేన స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ. వయసు 35.

స్ట్రెకలోవ్‌ను ఒకసారి పరకాయించి చూడండి. ఆరు నెలల కిందట, 1983 సెప్టెంబర్ 26 రాత్రి, ఇదే బైకనూర్‌లో ఆయన ఇలాగే పడుకుని ఉన్నాడు. ప్రయోగానికి ఇంకా నిమిషంన్నర ఉందనగా రాకెట్టు అడుగున ఇంధనం కారి అంటుకుంది. మంట ముందుగా తీగలను తినేసింది. తప్పించే వ్యవస్థను కింద నుంచి రేడియోతో పేల్చేసరికి మరికొన్ని సెకన్లు పోయాయి. పైనున్న చిన్న రాకెట్టు గదిని ఒక్క లాగుతో ఎగరేసుకుపోయింది. వెనకే పెద్ద రాకెట్టు పేలింది. నాలుగు కిలోమీటర్ల అవతల పారాషూట్ మీద దిగిన ఆయనకూ, తోటి వ్యోమగామికీ దెబ్బలే తప్ప ప్రాణానికి ఏమీ కాలేదు. అంతకుముందు ఏప్రిల్‌లో ఆయన సల్యూత్-7 అంతరిక్ష స్టేషన్ దాకా వెళ్లి, దానికి అతుక్కోలేక తిరిగొచ్చాడు. ఒకే ఏడాదిలో రెండు భంగపాట్లు. ఆ మనిషి మళ్లీ వచ్చి పడుకున్నాడు. అవతలి సీటులో పడుకున్న మన పైలట్‌కు ఈ సంగతులన్నీ తెలుసు.

మన గడియారంలో సాయంత్రం 6 గంటల 38 నిమిషాలు. అడుగున ఎక్కడో గర్జన మొదలవుతుంది. చెవికంటే ముందు వీపుకు తెలుస్తుంది. మొదటి క్షణాల్లో బరువేమీ అనిపించదు, వణుకే. తర్వాత ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. రెండు నిమిషాలు కావస్తుంటే నాలుగు పక్క రాకెట్లూ ఊడిపోతాయి, ఒక్కసారిగా బరువు తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇంతవరకూ కిటికీ చీకటే, పైన కవచం ఉంది కదా. రెండున్నర నిమిషాలు దాటాక ఆ కవచం రెండుగా విడిపోతుంది. గదిలోకి వెలుగు వచ్చి పడుతుంది.

తొమ్మిది నిమిషాలకు ఇంజను ఆగుతుంది. ఛాతీ మీద బరువు మాయం. సీటుకు కట్టిన బెల్టు కింద శరీరం తేలుతుంది. తమ మనిషి అంతరిక్షంలోకి వెళ్లిన దేశాల పట్టీలో భారతదేశం పేరు చేరింది.

ఈ గదిలోకి ఆయన ఏ దారిన వచ్చారో చూడాలంటే పన్నెండేళ్లు వెనక్కి రండి. 1971 డిసెంబర్. మిగ్-21 కాక్‌పిట్. ఇదీ ఇరుకే. ఒకే ఇంజను, ఒకే సీటు, త్రికోణపు రెక్కలు. దిగేటప్పుడు కూడా గంటకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఇందులో కూర్చున్న కుర్రాడికి ఇంకా 23 నిండలేదు. వాయుసేనలో పైలట్‌గా చేరింది నిరుడే. ఆ యుద్ధంలో ఆయన 21 సార్లు పోరాటానికి వెళ్లి, 21 సార్లూ తిరిగొచ్చారు. ఆ వయసులో ఒక మనిషికి దీనికి మించిన పరీక్ష ఏం ఉంటుంది? కింద తుపాకులు కాలుస్తుంటే పైన తల చల్లగా పెట్టుకుని, చెయ్యాల్సిన పని వరుస తప్పకుండా చెయ్యడం. తర్వాత టెస్ట్ పైలట్ అయ్యాక కూడా రోజూ చేసింది అదే.

మరికాస్త వెనక్కి వెళ్తే మన వీధులే. 1949 జనవరి 13న పటియాలాలో పుట్టినా ఆయన పెరిగింది హైదరాబాద్‌లో. అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, తర్వాత బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ. గగారిన్ భూమిని చుట్టి వచ్చిన 1961లో ఆయన పన్నెండేళ్ల బడిపిల్లాడు. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీకి వెళ్లింది ఈ ఊరి నుంచే. హైదరాబాద్ వాళ్లు ఇది తలుచుకునేది తక్కువ. నాకైతే ఆ నిర్లక్ష్యం బాధగానే ఉంటుంది.

ఇప్పుడు బెంగళూరు, 1982. సోవియట్ యూనియన్ మన మనిషిని ఒకరిని తీసుకెళ్తామంది. వాయుసేన తన పైలట్లలో వెతుకుతోంది. వాయుసేన వారి వైద్య కేంద్రంలో ఒక గది. లోపలికి పంపి తలుపు మూశారు. 72 గంటలు. మూసిన గోడల మధ్య ఈ మనిషి బెంబేలెత్తుతాడా, లేదా అని చూస్తున్నారు. పైలట్‌కు పైకి కనిపించని భయం ఏదైనా ఉంటే అది బయటపడేది ఇక్కడే. చివరికి ఇద్దరు మిగిలారు. రాకేశ్ శర్మ, వింగ్ కమాండర్ రవీశ్ మల్హోత్రా. ఇద్దరూ మాస్కో దగ్గరి స్టార్ సిటీకి వెళ్లారు. ఇద్దరూ ఒకే చదువు చదివారు, ఒకే సెంట్రిఫ్యూజ్‌లో తిరిగారు, ఒకే మంచులో నడిచారు. ఎగిరేది మాత్రం ఒక్కరే. మల్హోత్రా రిజర్వు జట్టులో ఉండిపోయారు. అన్నీ నేర్చుకుని, అన్నిటికీ సిద్ధపడి, చివరి రోజున కిందనే నిలబడి చూడటానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. దేశం ఆయనకు కీర్తి చక్ర ఇచ్చింది. ఆయన పేరు మనం ఇంకా తరచుగా చెప్పుకోవాలి.

స్టార్ సిటీలో మొదటి గోడ భాష. పాఠాలన్నీ రష్యన్‌లోనే, మీటల మీద రాతలూ రష్యన్‌లోనే. ప్రమాదం వచ్చినప్పుడు తర్జుమా చేసి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని రోజుకు ఆరేడు గంటలు భాషే చదివారు. కొన్ని నెలల్లో పాఠం వినగలిగే స్థితికి వచ్చారు. ఆ తర్వాత నకలు నౌకలో కూర్చోబెట్టి, ఇది చెడిపోయింది, ఇప్పుడేం చేస్తావ్ అంటూ మళ్లీ మళ్లీ అడిగారు. మొదట ఆయన జట్టుకు కమాండర్ నికొలాయ్ రుకావిష్నికోవ్. ఆయనకు ఆరోగ్యం బాగాలేక మలిషెవ్ వచ్చారు. కొత్త కమాండర్ వచ్చాడంటే మళ్లీ కొత్తగా అలవాటు పడాలి, ఒకరి కనుసైగ ఒకరికి తెలియాలి.

సరే, మళ్లీ పైకి. ఏప్రిల్ 4. కిటికీలో సల్యూత్-7 పెరుగుతోంది. మెల్లగా తగిలి, కొక్కేలు పడి, తలుపు తెరుచుకుంది. అవతల లియొనీద్ కిజిమ్, వ్లదీమిర్ సొలొవ్యోవ్, డాక్టర్ ఒలేగ్ అత్కోవ్ ఫిబ్రవరి నుంచి కాపురం ఉంటున్నారు. ఈ ముగ్గురూ చేరాక ఆరుగురు. ఒక సల్యూత్ స్టేషన్‌లో అంతమంది ఉండటం అదే మొదలు. రెండు రోజులకు అమెరికా వాళ్ల చాలెంజర్ ఐదుగురితో ఎగిరింది. భూమి మీద రెండు దేశాలకూ సరిపడదు. పైన మాత్రం ఒకేసారి 11 మంది. అంతవరకూ ఎన్నడూ లేని సంఖ్య అది.

లోపల కాళ్లతో పని లేదు. వేలితో గోడను నెట్టుకుంటే చాలు, అవతలి గోడకు చేరతారు. గట్టిగా నెట్టారో, తల కొట్టుకుంటుంది. కాళ్లలోని రక్తం ముఖానికి ఎక్కి బుగ్గలు ఉబ్బుతాయి. తలకిందులుగా వేలాడుతున్నట్టే ఉంటుంది. ఏది పైనో, ఏది కిందో చెవిలోని యంత్రాంగానికి తెలియక కడుపులో తిప్పుతుంది. దీనికి యోగా పనికొస్తుందేమో చూడాలన్నది మన వైద్యుల ఆలోచన. కానీ బరువే లేని చోట ఆసనం ఎలా వేస్తారు? నేల పట్టి ఉంచదు. అందుకని పట్టీలతో శరీరాన్ని బిగించుకుని వేశారు.

శర్మకు అసలు పని మాత్రం కిటికీ దగ్గర. స్టేషన్ గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. రోజుకు పదహారు ఉదయాలు, పదహారు సాయంత్రాలు. మన దేశం మీదుగా వెళ్లే నిమిషాలు కొన్నే. ఆ కొద్ది నిమిషాల్లో ఎంకేఎఫ్-6ఎం అనే కెమెరాతో ఒకే నేలను వేర్వేరు కాంతుల్లో ఫొటో తీయాలి. ఈ పనికి పెట్టిన పేరు ‘తేరా’. మంచుకొండలు, నదీ పరీవాహకాలు, అడవులు, తీరాలు ఆ ఫిల్ము మీదకు ఎక్కాయి. దేశానికి ఇంకా సొంత దూరసంవేదన ఉపగ్రహాల వరుస లేని రోజులు అవి. మొదటి ఐఆర్ఎస్ ఎగిరింది 1988లో. పచ్చటి గంగా మైదానం, దానిపైన ఒక్కసారిగా లేచే హిమాలయం, పడమట ఎడారి రంగు, మూడు వైపులా సముద్రం. ఎంత చూసినా తనివి తీరదు. ఆయన మాత్రం ముందు కెమెరాను చూసుకోవాలి. పని అయ్యాకే చూపు.

భోజనం వేళకు రండి. మైసూరు రక్షణ ఆహార పరిశోధనశాల పంపిన పొట్లాలు విప్పుతున్నారు. రవ్వ హల్వా, ఆలూ చోలే, వెజిటబుల్ పులావు. రష్యన్లతో పంచుకుని తిన్నారు. ఇంటి నుంచి తెచ్చింది తెరిచి, పక్కవాడికి పెట్టకుండా తినే అలవాటు మనకెక్కడిది!

ఇక అందరికీ తెలిసిన ఘట్టం. దూరదర్శన్ ప్రసారం చేస్తోంది. టీవీ ఉన్న ఇంటి ముందు వీధంతా చేరే రోజులవి. ఢిల్లీ నుంచి ప్రధాని ఇందిరా గాంధీ, మాస్కో మీదుగా, పైకి మాట్లాడుతున్నారు. గొంతుల్లో గరగర. పైనుంచి మన దేశం మీకెలా కనిపిస్తోంది, అని హిందీలో అడిగారు. శర్మ కవి ఇక్బాల్ గీతం తొలి మాటల్ని, ‘సారే జహాఁ సే అచ్ఛా’, అందుకున్నారు. తడబాటు లేదు, ఆలోచన లేదు. ఎవరో ముందే రాసిచ్చారని చాలామంది అనుకున్నారు. బడిలో జాతీయ గీతం తర్వాత రోజూ పాడేవాళ్లమని ఆయనే తర్వాత చెప్పారు. ఆ బడి మన హైదరాబాద్ బడే. ఆ జవాబు నాకూ ఇష్టమే. కానీ నలభై ఏళ్లుగా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాం. 21 పోరాట యాత్రలు, మూసిన గదిలో మూడు రోజులు, పరాయి భాషలో చదువు, కిటికీ దగ్గర పని, ఇవన్నీ దాని వెనక కనిపించకుండా పోయాయి.

ఏప్రిల్ 11. తిరుగు ప్రయాణం. ఈసారి ఎక్కింది మరో నౌక, సోయుజ్ టీ-10. సోయుజ్ పైన ఉండగల కాలం కొన్ని నెలలే. కాబట్టి కొత్తదాన్ని అక్కడే వదిలి, పాతదాన్ని కిందికి తెస్తారు. సీటు పరుపులు విప్పి అందులోకి మార్చుకున్నారు. ఇంజను వేగాన్ని కాస్త తగ్గించింది. అంతే చాలు, మిగతాది భూమి చూసుకుంటుంది. కిటికీ అవతల మంట. గాజు మసిబారుతోంది. ఎనిమిది రోజులు బరువు మరచిన శరీరం మీద నాలుగు రెట్ల బరువు. చెయ్యి ఎత్తడమే కష్టం. తర్వాత పారాషూట్ విచ్చుకుంటుంది, గది అటూ ఇటూ ఊగిపోతుంది. నేలకు ఇంకా మీటరు దూరం ఉందనగా చిన్న రాకెట్లు భగ్గుమంటాయి. దభీమని దిగుతుంది. మెత్తగా దిగడం అని దానికి పేరు, వీపు మాత్రం ఒప్పుకోదు. అర్కాలిక్ దగ్గరి మైదానం. మొత్తం 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు.

ఆయనకు సోవియట్ యూనియన్ హీరో బిరుదు వచ్చింది. మన దేశం ముగ్గురికీ అశోక చక్ర ఇచ్చింది. ఊరూరా దండలు, సభలు. కొన్నాళ్లకు అవన్నీ పక్కనబెట్టి ఆయన మళ్లీ కాక్‌పిట్‌లోకే వెళ్లారు. 1987లో వింగ్ కమాండర్‌గా వాయుసేన నుంచి తప్పుకుని, హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలట్ అయ్యారు. నాసిక్, తర్వాత బెంగళూరు. 2001 దాకా విమానాలు నడిపారు. తర్వాత నీలగిరుల్లో కూనూరు చేరారు. పేరు అమ్ముకుని బతికే దారి ఆయన ముందు తెరిచే ఉంది. అటు వెళ్లలేదు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఇందుకే.

41 ఏళ్ల తర్వాత, 2025 జూన్ 25న, గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా ఫ్లోరిడా నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. ఆయనా వాయుసేన టెస్ట్ పైలటే. గగన్‌యాన్ కోసం ఎంచిన నలుగురూ వాయుసేన వాళ్లే. అబిడ్స్ బడిలోనూ, నిజాం కాలేజీలోనూ పాఠం చెబుతున్న అయ్యవార్లకు ఒక మనవి: మీ తరగతిలో ఆకాశం వైపు చూసే పిల్లలకు రాకేశ్ శర్మ ఇచ్చిన జవాబు ఎలాగూ వచ్చు. దానికి ముందు ఆయన చదివిన చదువు, చేసిన పని కూడా చెప్పండి.