బఫెలో ప్రభ

అమెరికాలో మనవాళ్ళ సంబరాలు ఆరుబయట జరిగితే వెనకాల ఎక్కడో ఒక అద్దె జనరేటరు గుర్రుమంటూ ఉంటుంది. మైకులో పద్యం ఆగిన ప్రతిసారీ దాని పాట వినిపిస్తుంది. పొగలేని కరెంటుతో ఇలాంటి వేడుకలు జరపాలన్న మాట ఈమధ్య బాగా వినపడుతోంది కదా, ఇదేదో కొత్త ఆలోచన అనుకుంటాం. కాదు. 1901లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఆరు నెలలపాటు ఆ పని జరిగింది. అదీ రెండు లక్షల బల్బులతో.

దీనికి ముందుకథ షికాగోది. 1893 ప్రపంచ ప్రదర్శనకి దీపాలు పెట్టే కాంట్రాక్టు కోసం జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ పోటీ పడ్డాయి. తక్కువకి పాడుకున్నది వెస్టింగ్‌హౌస్. ఏసీ కరెంటుతో ఊరంత ప్రదర్శనని వెలిగించి చూపించింది. అయితే ఆ కరెంటు పుట్టింది అక్కడికక్కడే, నూనె మండించి నడిపిన ఆవిరి యంత్రాల్లో. అంటే అదీ ఒక పెద్ద జనరేటరే, ఆరునెలల కాపురానికి కట్టుకున్న సొంతిల్లు! అదే ఏడాది అక్టోబరులో నయాగరా జలపాతం దగ్గర పెట్టబోయే జనరేటర్ల పని కూడా వెస్టింగ్‌హౌస్‌కే దక్కింది. 1896 నవంబరులో నయాగరా కరెంటు పాతిక మైళ్ళు తీగల మీద నడిచి బఫెలో చేరింది. మొదట నడిపింది ట్రాములని.

కాబట్టి 1901లో పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ పెట్టేటప్పుడు బఫెలోవాళ్ళకి కొత్త పవర్‌హౌస్ అవసరం లేకపోయింది. ఊళ్ళో అప్పటికే ఉన్న తీగనే మైదానందాకా లాగారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ దీపాలకి కరెంటు ఇచ్చింది తాత్కాలికమైనదేదీ కాదు. ప్రదర్శన ఉన్నా లేకపోయినా ట్రాముల కోసం, ఫ్యాక్టరీల కోసం తిరుగుతూనే ఉండే టర్బైన్లు.

మైదానం మధ్యలో దాదాపు 390 అడుగుల ఎలక్ట్రిక్ టవర్ కట్టారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో కరెంటు ప్రభలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ప్రభనే నాలుగింతలు చేసి, పక్కన జనరేటరు తీసేసి ఊహించుకోండి. బల్బులు ఒక్కొక్కటీ చిన్నవే, కళ్ళు జిగేల్‌మనేవి కావు. చీకటి పడే వేళకి వాటిని ఒక్కసారిగా వెలిగించేవారు కాదు. మొదట నిప్పుకణికల్లా ఎర్రగా మొదలై, మెల్లిమెల్లిగా పసుపు రంగుకి తిరిగి, పూర్తి వెలుగుకి వచ్చేవి. దీనికోసం పెద్ద రియోస్టాట్ వాడారు. దీపాల అమరిక చూసినవాళ్ళు లూథర్ స్టీరింజర్, హెన్రీ రస్టిన్. ఎడిసన్ కంపెనీ తరఫున ఎడ్విన్ పోర్టర్ ఆ రాత్రి దృశ్యాన్ని సినిమా కూడా తీశాడు. ఇప్పటికీ చూడొచ్చు.

ఇంత వెలుగులోనూ ఒకచోట మాత్రం చీకటి మిగిలింది. సెప్టెంబరు 6 సాయంత్రం నాలుగు దాటాక, అక్కడి సంగీత మందిరంలో జనంతో చేతులు కలుపుతున్న అధ్యక్షుడు మెకిన్లీని ఒకడు తుపాకీతో కాల్చాడు. ఆయన్ని బ్యాటరీతో నడిచే అంబులెన్సులో మైదానంలోని చిన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషను గదిలో శస్త్రచికిత్సకి చాలినంత దీపాలు లేవు. పొద్దు వాలుతోంది. డాక్టర్లలో ఒకాయన అద్దం పట్టుకుని, కిటికీలోంచి వచ్చే ఎండని గాయం మీదకి మళ్ళించాల్సి వచ్చింది. వారం తరవాత, 14న, గాయం కుళ్ళి మెకిన్లీ పోయాడు. వెలుతురు లేకే పోయాడని అనలేం, ఆ రోజుల వైద్యం అంతే. కానీ రెండు లక్షల బల్బుల నడుమ అద్దంతో ఎండ పట్టుకోవడం నాకు మింగుడు పడదు. కరెంటు లేక కాదు, చూపుకోసం పెట్టే దీపాల లెక్క వేసినవాళ్ళు పనికోసం పెట్టే దీపాల లెక్క వెయ్యలేదు.

అన్నట్టు, నయాగరా కరెంటు మరీ పాపం అంటనిదేం కాదు. జలపాతం ఎండిపోతుందన్న గొడవ లేచి, 1906లో బర్టన్ చట్టంతో నీళ్ళ మళ్ళింపుకి హద్దు పెట్టారు. 1950లో కెనడాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇప్పటికీ పర్యాటకుల వేళల్లో వదిలే నీటిలో, మిగతా వేళల్లో సగం వదిలితే చాలు. మనం కెమెరాలు పట్టుకుని చూసే జలపాతానికి కూడా డ్యూటీ టైములున్నాయన్నమాట.

మరి బఫెలో దారి వదిలి డీజిలుకి ఎందుకు వచ్చాం? తీగ లేని చోటికి వేడుక వెళ్ళింది కనక. జనరేటరు ట్రక్కులో వస్తుంది, ట్రక్కులో పోతుంది. కానీ అన్ని లైట్లూ, స్పీకర్లూ ఒకేసారి వాడే ఆ పది నిమిషాల లెక్కతో పెద్దది తెప్పిస్తారు. మిగతా గంటలన్నీ అది నాలుగోవంతు బరువుతో డీజిలు తాగుతూ మసి కక్కుతుంది. దీపావళి రద్దీకని కొన్న సర్వర్లు ఏడాదంతా ఖాళీగా తిరిగినట్టే. బ్యాటరీ పక్కన పెడితే చిన్న జనరేటరు కొన్ని గంటలు నిండుగా నడిచి ఆగిపోవచ్చు. దగ్గర్లో గ్రిడ్డు తీగ ఉంటే అసలు జనరేటరే అక్కర్లేదు. 2024లో షికాగో లొల్లపలూజాలో ప్రధాన వేదికని ఇలా హైబ్రిడ్ బ్యాటరీలతో నడిపారు. వ్యాపారం మాత్రం తేలిక కాదు, చక్రాల మీద బ్యాటరీలు తయారుచేసిన కాలిఫోర్నియా కంపెనీ మాక్సియన్ పవర్ అదే ఏడాది దివాలా తీసింది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ వాళ్ళు 2007లో చేసిన పని. అక్కడ తీగా లేదు, నదీ లేదు, ఉన్నదల్లా ఎండ. ఉత్సవం మధ్యలో నిలబెట్టే బొమ్మకి సోలార్ పలకలు పెట్టారు. (ఆ ఏడు బొమ్మని ఎవరో ముహూర్తానికి కొన్ని రోజుల ముందే తగలబెట్టేశారు, అది వేరే కథ. మళ్ళీ కట్టారు.) పండగ అయ్యాక ఆ పలకల్ని గోదాములో పడెయ్యలేదు. దగ్గర్లో గెర్లాక్ అనే చిన్న ఊరుంది, అక్కడి బడికి బిగించారు.