తాయెత్తుని అడిగిన ప్రశ్నే పేస్‌మేకర్‌నీ అడగాలి

తాయెత్తు కట్టాక గుండెదడ తగ్గిందని మా అక్కయ్య అంటే, "కట్టకపోయినా తగ్గేదేమో, ఎలా తెలుస్తుంది?" అని నేను వాదించేవాణ్ణి. పోయినేడు నాకే ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. అబ్లేషన్ చేయించుకోమన్నారు డాక్టరుగారు. "మరి దీన్ని అడగవేరా ఆ ప్రశ్న?" అంది అక్కయ్య.

అడగాల్సిందే కదా! నేను బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి. వైద్యం తెలియదు గానీ, పద్దు రాసినవాడే ఆడిట్ చేయకూడదని తెలుసు.

గుండె హఠాత్తుగా నెమ్మదించి మాటిమాటికీ స్పృహ తప్పేవాళ్ళపై ఉత్తర అమెరికాలో 1999లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. పేస్‌మేకర్ పెట్టిన 27 మందిలో మళ్ళీ పడిపోయినవారు 6 మంది. పెట్టని 27 మందిలో 19 మంది. నేనైతే కళ్ళు మూసుకుని బిల్లు పాస్ చేసేవాణ్ణి. కానీ ఎవరి ఒంట్లో యంత్రముందో అందరికీ తెలుసు. అందుకే 2003 నాటి పరీక్షలో 100 మందికీ పేస్‌మేకర్ పెట్టి, సగం మందికి మాత్రమే పనిచేసేలా అమర్చారు. ఎవరిది పనిచేస్తోందో రోగికి తెలియదు. ఆరు నెలల్లో మళ్ళీ పడిపోయినవారు పనిచేయని వర్గంలో 40 శాతం, పనిచేసే వర్గంలో 31 శాతం. ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చు. అలాగని యంత్రం బూటకమనీ కాదు. 40 దాటి, గుండె సెకన్ల తరబడి ఆగినట్టు రికార్డయినవాళ్ళకు మేలు చేస్తుందని 2012లో ఇలాంటి పరీక్షే తేల్చింది.

ఇక నా సంగతి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల దగ్గరే ఈ దడ పుడుతోందని ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు 1998లో చూపారు. అక్కడ కణజాలాన్ని కాల్చడమో గడ్డకట్టించడమో అబ్లేషన్. 2019లో వెలువడిన 2,204 మంది పరీక్షలో మందులకన్నా దీనితో రోగులకు హాయిగా ఉందని తేలింది. అందులోనూ ఎవరికి ఏ చికిత్సో అందరికీ తెలుసు! 2024లో బ్రిటన్‌వారు 126 మందిని తీసుకుని సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తుత్తిది చేశారు. ఉత్తుత్తి చికిత్స అన్యాయమనేవాళ్ళున్నారు. పరీక్షించకుండా లక్షలమందికి చేయడం న్యాయమా? చర్మం కింద పెట్టిన రికార్డరు లెక్కలో, ఆరు నెలలకు దడ అసలు వర్గంలో సుమారు 60 శాతం, ఉత్తుత్తి వర్గంలో 35 శాతం తగ్గింది. ఈ జబ్బు తనంత తానే హెచ్చుతగ్గులవుతుంది మరి.

వచ్చే నెల అబ్లేషన్ చేయించుకుంటున్నాను. ఈ లెక్కంతా అక్కయ్యకు చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆ 35 నా తాయెత్తుదేరా" అంది.