పటం మీది కరువు

నెల్లూరు రాజు నల్లసిద్ధికీ యాదవ నాయకుడు కాటమరాజుకూ పేచీ వచ్చింది గడ్డి దగ్గర.

కనిగిరి సీమలో వానలు మొహం చాటేశాయి. చెరువులు ఎండి, ఆలమందల డొక్కలు ఎండుతుంటే కాటమరాజు మందల్ని దక్షిణానికి తోలుకుపోయాడు. నెల్లూరు సీమ బీళ్లలో మేపుకోవడానికి నల్లసిద్ధితో కౌలు కుదుర్చుకున్నాడు. మేత రాజుది, ఆవులకు పుట్టే కోడెదూడలు పుల్లరి అనే మేత పన్ను కింద రాజుకే. కొన్నాళ్లకు అక్కడా కరువు దిగింది. గడ్డే మొలవనప్పుడు పుల్లరేమిటని కాటమరాజు, ఒప్పుకున్నది చెల్లించాల్సిందేనని నల్లసిద్ధి. మధ్యలో రాజుగారి ప్రియురాలి చిలుక చావడం, ఆవుల మీద బాణాలు పడటం లాంటివి కథకుడి చాకచక్యాన్ని బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. చివరికి పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాడులో పోరు. కవి తిక్కన దాయాది ఖడ్గతిక్కన రాజు పక్షాన నిలిచి అక్కడే నేలకొరిగాడని కథ.

ఇది 13వ శతాబ్ది నాటి ముచ్చట. నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కాలంలోదా, ఆ తర్వాతిదా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. జనానికి ఆ తగాదాతో పని లేదు. వాళ్లకు ఈ కథ పుస్తకంలోంచి రాలేదు, పాటలోంచి వచ్చింది. కోస్తాలో కొమ్ములవాళ్లు కొమ్ము ఊది, వీరణం వాయించి పాడారు. తెలంగాణలో మందెచ్చులు చెక్కబొమ్మల పెట్టె తెరిచి, ఒక్కో వీరుణ్ణీ బయటికి తీసి నిలబెడుతూ చెప్పారు. ఈ కథలన్నిటినీ ఊరూరా తిరిగి పోగుచేసిన పండితుడు తంగిరాల వెంకట సుబ్బారావు. ఆయన సంపాదకత్వంలో 1970లలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ రెండు సంపుటాలుగా అచ్చువేసింది. అందులో ఒక్క యుద్ధకథ కాదు, కాటమరాజు సాక్షాత్తూ గంగతో వాదానికి దిగిన ‘గంగతర్కం’ లాంటివీ ఉన్నాయి. నీళ్ల దేవతతో వాదం పెట్టుకున్న వీరుడు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉండొచ్చు. కరువు సీమలో మాత్రం ఉండి తీరాలి.

ఇలా పాట, నటన, బొమ్మ, గుడ్డ అన్నీ కలిసిన కళకు మన దగ్గర పేరుమోసిన చోటు చేర్యాల. నిన్నమొన్నటిదాకా వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలోకి మారిన ఊరు. అక్కడి నకాషీ చిత్రకారులు తరతరాలుగా కథకుల కోసం పటాలు రాశారు. మందెచ్చులకు పొనికి కర్రతో, రంపంపొట్టులో చింతగింజల ముద్ద కలిపి బొమ్మలు చేసిందీ వాళ్లే. నకాషీ తన ఇష్టం కొద్దీ బొమ్మ వేసి అమ్ముకునేవాడు కాదు. కథకుడు వచ్చి, ఫలానా పురాణం, ఇన్ని ఘట్టాలు అని చెప్పి, బయానా ఇచ్చి పోయేవాడు. పటం పూర్తయ్యాక పూజ చేసి అప్పగించేవారు.

పటం తయారీ చూస్తే, ఇది బొమ్మగా మొదలయ్యే పని కాదని అర్థమవుతుంది. ముందు ఖాదీ గుడ్డ. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తారు. దానిలో సుద్దమట్టి, గంజి, చెట్టుబంక కలిపి గుడ్డకు పూస్తారు. ఆరాక మళ్లీ, అది ఆరాక ఇంకోసారి. ప్రతి పూతా ఎండలో గట్టిపడాలి. తడి మిగిలితే గుడ్డ చుట్టినప్పుడు పూత పెచ్చులూడుతుంది. ఆ తర్వాత ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత. వెనక నేపథ్యమంతా ఎరుపు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు పేవుడి, నలుపుకు దీపపు మసి, తెలుపుకు గవ్వల పొడి, నీలానికి నీలిమందు. పటం వెడల్పు 3 అడుగులు, పొడవు 30 నుంచి 60 అడుగుల దాకా. నిలువునా వేలాడదీసి, పైనుంచి కిందికి విప్పుకుంటూ పోవాలి. మొదట వినాయకుడు. ఆ కింద ఒకదాని కింద ఒకటి అడ్డపట్టీలు, పట్టీకో ఘట్టం.

ప్రదర్శనలో కథకుడు చేతికర్రతో బొమ్మ చూపిస్తూ కాసేపు వచనం చెబుతాడు, ఉన్నట్టుండి పాటలోకి వెళతాడు. పక్కన ఇద్దరు ముగ్గురు వంత. హార్మోనియం, డోలక్, తాళాలు. రాజు కోపంగా మాట్లాడాలంటే గొంతు అతనిదే, రాణి ఏడవాలన్నా అతనిదే. ఒక కథ ఒక్క రాత్రితో పూర్తయ్యేది కాదు. పెద్ద పురాణాలు కొన్ని రాత్రుల పాటు సాగేవి. ఇటలీలో ఒపేరా పుట్టకముందే ఇలాంటిది మనకుందని గొప్పలు పోవడం దండగ. రెండిటికీ పోలిక మాట అటుంచితే, పటం కథలో చెప్పుకోదగ్గ విశేషం వేరే ఉంది: ఎవరి కథ ఎవరు వినాలో, ఎవరి దగ్గర తీసుకోవాలో ముందే రాసిపెట్టి ఉండేది.

కూనపులి వాళ్లు పద్మశాలీలకే చెబుతారు. భావనారుషి తామరతూడుల దారంతో దేవతలకు బట్ట నేసిన కథ అది. బట్ట మీద బట్ట పుట్టుక. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. గౌడజెట్టీలు గౌడులకు వాళ్ల కులపురాణం, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం. ఇవన్నీ ఊళ్లవారీగా పంచుకున్న మిరాశీ హక్కులు. అన్నదమ్ములు వేరుపడితే పొలాల్లాగే ఊళ్లు కూడా పంచుకునేవారు. నువ్వు పదూళ్లు, నేను పదూళ్లు. మరో కులం ఇంటి ముందు చెయ్యి చాపడం నిషిద్ధం. కాబట్టి తన కులపు దాత ఇంట్లో గింజలు ఉంటేనే కథకుడి ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈ కళను కరువు కళ అనడానికి మొదటి కారణం ఇదే. కోతలయ్యాక, కళ్లాల్లో గింజ పడ్డాక కథకులు బయల్దేరేవారు. పంట పండితే త్యాగం దక్కేది. ధాన్యం, బట్ట, ఒక్కోసారి మేక. పండకపోతే కథ లేదు. కథ లేకపోతే కొత్త పటానికి బయానా లేదు, నకాషీకి పని లేదు. ఒక్క వాన తప్పితే నేత, పాట, కుంచె మూడూ వరసగా మూలనపడేవి.

తెలుగువాళ్లు కరువులకు పేర్లు పెట్టి గుర్తుపెట్టుకున్నారు. 1832–33లో వచ్చినది నందన కరువు. గుంటూరు సీమలో సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని లెక్కలు. 1876–78 ధాత కరువు రాయలసీమ సహా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. అంతకు ముందు 1791–92 కాలంలో వచ్చిన కరువుకు పుర్రెల కరువనే పేరు మిగిలింది. గుంటూరు కరువు దెబ్బకు కుంపిణీ సర్కారు కాస్త కదిలింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. గోదావరి డెల్టాకు కరువు భయం చాలావరకు తీరింది. మెట్టకు తీరలేదు. పటం కథలు తెలంగాణ మెట్టలోనూ, కాటమరాజు కథ కనిగిరి, నెల్లూరు మెట్టలోనూ వేళ్లూనుకోవడం కాకతాళీయమని ఈ వ్యాసకర్త అనుకోవడం లేదు.

పుల్లరి తగాదా కూడా కాటమరాజుతో పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు సర్కారు చేతికి పోయాయి. పశువులు మేపుకోవాలంటే రుసుము కట్టమన్నారు. పల్నాడు రైతులు 1921లో కట్టబోమన్నారు. పల్నాటి పుల్లరి సత్యాగ్రహానికి నాయకత్వం వహించిన మించాలపాడు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరి 22న పోలీసులు కాల్చి చంపారు. ఎర్రగడ్డపాడు నుంచి మించాలపాడుకు ఆరున్నర శతాబ్దాల దూరం. కాలం మారింది, ఏలేవాడు మారాడు. పుల్లరి పేరు మాత్రం అదే, కట్టాల్సినవాడూ పశువుల కాపరే.

వాతావరణం మీద పాట కట్టడం మన కథకులతోనే ఆగలేదు. 2019లో వెనిస్ కళా ప్రదర్శనలో లిథువేనియా దేశం పెట్టిన ఒపేరాకు స్వర్ణసింహం బహుమతి వచ్చింది. పేరు ‘సన్ అండ్ సీ’. దర్శకురాలు రుగిలె బర్జ్‌జుకైటె, మాటలు వైవా గ్రైనిటె, సంగీతం లీనా లపెలిటె. పాత భవనం లోపల ఇసుక పోసి సముద్రతీరం కట్టారు. గాయకులు ఈతదుస్తుల్లో తువ్వాళ్లు పరచుకుని పడుకుని, సెలవుల ముచ్చట్లూ, విసుగూ, వేడెక్కుతున్న భూమి గురించిన దిగులూ పాడుతుంటారు. ప్రేక్షకులు పైన మేడ మీంచి కిందికి చూస్తారు. అద్భుతమైన ఊహ. ఎవరి మీదా అరవకుండా, ఎండ కాచుకుంటున్న మనుషులతోనే భయం చెప్పించడం అసలైన ప్రతిభ.

అయినా ఒక లోటు కనిపిస్తుంది. ఆ తీరంలో అందరూ సమానంగా దిగులుపడుతున్నారు. నష్టం ఎవరు భరించాలన్న మాట ఎవరూ ఎత్తరు. కాటమరాజు కథకు అదే వెన్నెముక. వాన కురవకపోతే పుల్లరి ఎవరు కట్టాలి? కరువు కాలంలో పాత ఒప్పందం చెల్లుతుందా? వాతావరణ సభల్లో సంపన్న దేశాలూ పేద దేశాలూ ఏళ్ల తరబడి కొట్లాడుకుంటున్నదీ ఈ లెక్క గురించే. మన కథకులు దానికి జవాబు చెప్పలేదు. ఇరుపక్షాల వీరులనూ చంపేసి కథ ముగించారు. గోడ మీద పిల్లి వాటం కాదది. ఆ లెక్క తెగదని వాళ్లకు తెలుసు.

ఇక రంగుల బట్టకే వచ్చిన చిక్కు శ్రీకాళహస్తిలో చూడాలి. అక్కడి కలంకారీకి స్వర్ణముఖి ఒడ్డు ఆధారం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిమితో నల్లగీత, పటికతో ఎరుపుకు పునాది. ప్రతి దశ తర్వాతా గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే పట్టి తెల్లటి చోటంతా మసకబారుతుంది. 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, అంతరిస్తున్న పని నిలబడింది. జొన్నలగడ్డ గురప్ప శెట్టికి పద్మశ్రీ కూడా వచ్చింది. నది మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకమేటగానే ఉంటుంది. బోరునీటితో పని నడుస్తుంది గానీ, నీళ్లలోని ఉప్పును బట్టి రంగు తేలడమో ముదరడమో అవుతుంది. కరువును బొమ్మగా వేయాల్సిన పనిలేదు, అది గుడ్డలోనే దిగుతుంది.

చేర్యాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ధనాలకోట వారి లాంటి కుటుంబాలు పనిని నిలబెట్టి జాతీయ బహుమతులు తెచ్చుకున్నాయి. అయితే కొనేవాళ్లు మారిపోయారు. 40 అడుగుల పురాణం అడిగే కథకులు తగ్గి, హాల్లో సోఫా మీద తగిలించే జానెడు ముక్క అడిగేవాళ్లు పెరిగారు. గీతకార్మికుడు, బతుకమ్మ, పల్లె పడుచులు బాగా అమ్ముడుపోతాయి. తప్పేమీ లేదు, కుంచె పట్టినవాడు బతకాలి. పూర్వం పాతబడ్డ పటాన్ని చెత్తలో పడేసేవారు కాదు. మనిషి పోయినట్టే తంతు జరిపి ఏట్లో కలిపేవారు. ఇప్పుడు ఆ పాత పటాలు మ్యూజియం అద్దాల వెనకకు చేరాయి. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు పటాలతో పాటు వాద్యాలనూ సేకరించి దాచారు. గుడ్డ భద్రం. పాడే గొంతు అద్దాల పెట్టెలో పట్టదు.

కాటమరాజు నాటి గొల్లల వలస ఇప్పటికీ ఆగలేదు. పాలమూరు వైపు మందలు ఎండాకాలం రాగానే మేత వెతుక్కుంటూ కృష్ణ దాటి వరి కోసిన పొలాల్లోకి దిగుతాయి. రాత్రి ఎవరి మడిలో మంద కడితే ఎరువు కోసం ఆ రైతు గింజలో డబ్బో ఇస్తాడు. నల్లసిద్ధి కౌలుకు ఇది తిరగేసిన రూపం. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. గొర్రెలొచ్చాయి సరే, మేత బీళ్లు ఏవన్న ప్రశ్న కాటమరాజు కాలమంత పాతది, ఇవాళంత కొత్తది. ప్లాట్లుగా మారిన బీడులో గడ్డికి కౌలు రాసేదెవరు?

యాదవ సంఘాలూ, పద్మశాలి సంఘాలూ, ముదిరాజ్ సంఘాలూ ఊరూరా కమ్యూనిటీ హాళ్లు కడుతున్నాయి, ఫ్లెక్సీలకు లక్షలు పోస్తున్నాయి. అందులో పదో వంతు తీసి చేర్యాలలో నిండు పటం ఒకటి రాయించండి. మీ కులపు కథకుడు ఎక్కడున్నాడో వెతికించి, పంటలయ్యాక నాలుగు రాత్రులు ఆ హాల్లోనే కథ పెట్టించండి. త్యాగం ముందే మాట్లాడుకుని, వాన పడ్డా పడకపోయినా ఇచ్చేటట్టు రాసివ్వండి.