నక్కవాగు నీళ్లల్లో సిప్రో గోలీలు

ఇయ్యాల మార్కెట్ ధరలు పక్కన పెట్టి ఒక పాత ముచ్చట చెప్త. జర ఓపికతో చదవండి.

మీరు భుజానికేసుకునే 16 లీటర్ల స్ప్రే ట్యాంకు ఉంటది కదా. దాని నిండా నీళ్లు పోసి ఒక సిప్రో 500 గోలీ కలిపిండ్రనుకోండి. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు ఒకప్పుడు సుమారు అట్లనే ఉన్నయి. స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ఆ లెక్క బయటపెట్టింది: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. శుద్ధి చేసిన తర్వాత సంగతి ఇది! దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థం అక్కడికే వచ్చేది. రోజుకు 45 కిలోల దాకా మందు బయటికి పోతుందని అంచనా వేసిండ్రు. అంటే 90 వేల గోలీలు.

ఆ నీళ్లు ఎటు పోయినయి? ఇసుకవాగులకు, అక్కడి నుంచి నక్కవాగు, మంజీర. 1970లలో ఫ్యాక్టరీలు రాకముందు ఆ వాగుల కింద వరి పండేది. తర్వాత నీళ్ల రంగు మారింది, పైర్లు ఎండినయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది, రైతులకు నష్టపరిహారం ఇయ్యాలన్నరు.

నన్నడిగితే అసలు కిటుకు ఇక్కడే ఉంది. పరిహారం లెక్క కట్టింది కంటికి కనపడ్డ నష్టానికే. యాంటీబయాటిక్ కంటికి కనపడదు. పైరు పచ్చగనే ఉంటది, వాసన కూడా రాదు. సిప్రో మట్టిని, బురదను పట్టుకొని ఉంటది, తొందరగా కరగదు. మట్టిలున్న బ్యాక్టీరియాలో మందుకు లొంగేవి చస్తయి, లొంగనివి మిగులుతయి. మిగిలినవి ఆ గుణాన్ని తమ పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తయి. రేపు మన ఇంట్ల పిల్లగానికి జ్వరమొస్తే, డాక్టర్ రాసిన అదే మందు పని చెయ్యకపోవచ్చు.

2009లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఆ చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో కూడా మందులు దొరికినయి. సిప్రో ఒక్కటే కాదు, తుమ్ములకు వేసుకునే సిట్రిజిన్ కూడా!

తర్వాత పైపులైన్ వేసి ఆ నీళ్లను అంబర్‌పేటకు తోలిండ్రు. అంబర్‌పేట నీళ్లు మూసీలకే కదా పోయేది. మూసీ కింద గడ్డి, వరి పెంచేది మనోళ్లే.

మనం కూడా సుద్దపూసలం కాదు. వరికి ఎండాకు తెగులొస్తే స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టినోళ్లమే, అదీ యాంటీబయాటికే. కాకపోతే మనం కొట్టేది గ్రాముల్లో, వాగుల పడ్డది కిలోల్లో.

2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది, మందుల ఫ్యాక్టరీల నీళ్లల్లో యాంటీబయాటిక్ ఎంత దాటొద్దో హద్దులు పెట్టింది. 2021 ఆగస్టులో అసలు నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు ఎగిరిపోయినయి. మన బోరు నీళ్లు పరీక్షకు ఇస్తే ఉప్పెంత, పీహెచ్ ఎంత అని రాసిస్తరు. మందు సంగతి అందులో ఉండదు, అడిగితే తప్ప. మూసీ కింద, నక్కవాగు కింద సాగు చేసే అన్నలు ఈసారి అడిగి చూడండి, ఏమన్నరో కింద రాయండి.