పరదేశపు మోటారు – మన సడకు



నేటి నా ప్రసంగము మోటారుబండ్లను గూర్చినది. మోటారును గూర్చి పల్లెవారికి చెప్పవలసినదేమున్నది, అది కొనువారి గొడవ కదా యని మీలో కొందరు తలపవచ్చును. కాని పరదేశములో తయారైన బండి మన సడకుమీదికి వచ్చుటకు ఎన్ని ద్వారములు దాటవలెనో, ఆ ద్వారములను ఎవరి కొరకు నిలిపిరో తెలిసికొన్నచో, ఈ గొడవ కొనువానిది మాత్రమే కాదనియు, కాలినడకను పోవువానిది, ఎడ్లబండి తోలువానిది కూడ ననియు తేటపడును.

ఈ సంగతి నాకు మొదట తట్టినది మా తాతగారి మాటలవలన. ఆయన కరీంనగరము జిల్లా రైతు. నిజాము ప్రభుత్వపు కడపటి దినములలో ఒకనాడు ఆయన ఆముదముల బస్తాలు బండికెత్తి హుజూరాబాదు మీదుగా జమ్మికుంట స్టేషనుకు పోవుచుండగా, వెనుకనుండి ఒక దొరగారి మోటారు కూతపెట్టుచు వచ్చెనట. ఎడ్లు బెదరినవి. తాతగారు చేయెత్తి ఆపుమని కేకవేసిరి. మోటారు ఆగలేదు. బండి ప్రక్కనున్న కాలువలోనికి ఒరిగెను. బస్తాలు పగిలినవి. దాపటి యెద్దు కాలు విరిగినది. ఆ దొరగారి పేరు ఆయన చెప్పలేదు, నేను అడుగలేదు. చిన్నతనపు వేడుకతో, ఆ మోటారు ఏ దేశపుదని మాత్రము అడిగితిని. "ఏ దేశపు బండైతేంది బిడ్డా, ఆగుడు తెల్వనిది మన బండి గాదు" అని ఆయన బదులు చెప్పిరి. ఆ మాటకు అర్థమేమో నాకు చాల సంవత్సరములకు గాని తెలియలేదు.

పూర్వము పరదేశపు మోటారు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు రావలెనన్నచో మూడు ద్వారములు దాటవలసియుండెను. మొదటిది ఓడరేవు, రెండవది రాజ్యపు సరిహద్దు, మూడవది సడకు.

హైదరాబాదు రాజ్యమునకు సముద్రతీరము లేదు. 1802లో నిజామునకును ఇంగ్లీషు కుంఫిణీకిని జరిగిన వర్తకపు ఒడంబడికవలన మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కు నిజామునకు లభించెను. అయినను మోటార్లు పుట్టిన నాటికి పెద్ద యోడలు బొంబాయి, మద్రాసు రేవులనే చేరుచుండెను. అచ్చట దిగిన బండి మన రాజ్యమునకు వచ్చునదైనను, బ్రిటిషు ఇండియా ప్రభుత్వమువారు తమ సుంకమును తాము గైకొనుచుండిరి. 1927లో మోటారుకార్లమీది ఆ సుంకము నూటికి 30 నుండి 20కి తగ్గెను.

అటనుండి రైలుమీద మన సరిహద్దునకు వచ్చిన బండికి రెండవ సుంకము కాచుకొని యుండెను. ఆ 1802 నాటి ఒడంబడికయే రాజ్యపు సరిహద్దున సరకులమీద నూటికి 5 వంతున సుంకమును ఏర్పరచెను. దానిని వసూలుచేయు శాఖ పేరు కరోడ్‌గిరి. ఈ పేరు మీలో పెద్దవారికి కొత్తది కాదు. రేవులో చెల్లించునవి కల్దారు రూపాయలు. మన రైతు చేతిలోనివి హాలీ సిక్కా రూపాయలు. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారులకు సమానము.

ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. బండి వెల 3000 కల్దారులనుకొందము. నూటికి 20 చొప్పున రేవు సుంకము 600. రెండును కలిసి 3600. దానిమీద నూటికి 5 చొప్పున కరోడ్‌గిరి 180. మొత్తము 3780 కల్దారులు. హాలీ సిక్కాలోనికి మార్చినచో 4410 రూపాయలు. ఇందులో ఓడ బాడుగ గాని, రైలు బాడుగ గాని చేరలేదు. కావున ఆ దినములలో మోటారు ఎక్కువగా ప్రభువులు, జాగీరుదారులు, దేశ్‌ముఖులు, పెద్ద యుద్యోగులు, పెద్ద వర్తకులు మాత్రమే కొనగలిగిన వస్తువయ్యెను.

ఇంతకును బండి పరదేశపుదైనను దాని చక్రము మన బాటకు తగియుండవలెను. ఇంగ్లీషువారి యాచారము ననుసరించి మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును. అందుచేత నడుపువాడు కుడివైపున కూర్చుండవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దీనికి వ్యతిరేకము. అచ్చట బండ్లు కుడిప్రక్కను నడచును, నడుపువాడు ఎడమను కూర్చుండును. మరి మన దేశమున విరివిగా తిరిగిన ఫోర్డు బండ్లకు చక్రము కుడివైపున ఎట్లుండెను? ఆ కంపెనీవారు కెనడాలోని తమ శాఖలో బ్రిటిషు సామ్రాజ్యపు దేశముల కొరకు కుడి చక్రపు బండ్లను ప్రత్యేకముగా చేయించిరి. కెనడా శాఖవారే 1926లో ఇండియాలో తమ కంపెనీని నెలకొల్పిరి. 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలోని శివడీ వద్ద విడిభాగములను దింపి బండ్లు కూర్చుట ప్రారంభించిరి. బండి మన బాటను చూచి మారినదే గాని, మన బాట బండిని చూచి మారలేదు. ఇది గమనింపదగిన విషయము.

ఇక మూడవ ద్వారము. డబ్బున్నవాడు మొదటి రెండు ద్వారములను డబ్బుతో దాటగలడు. సడకు అట్టిది కాదు. సడకుమీద ఇతరులు కలరు.

హైదరాబాదులోని చౌమహల్లా భవనమున ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిసు బండి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానికొరకు సీమకు ఆజ్ఞ పంపెను. 1911లో ఆయన గతించెను. బండి ఆయన కుమారుని కాలమున వచ్చెను. లండనులోని బార్కరు కంపెనీవారు దానిలో సింహాసనమువంటి ఆసనము నమర్చిరి. ఊరేగింపులకే గాని అది ప్రయాణములకు వాడబడలేదు. ఇన్ని సంవత్సరములలో అది నడచినది కొన్ని వందల మైళ్లు మాత్రమేనని ప్రసిద్ధి. దానికి ముందు బాట ఖాళీ చేయబడును. ఎదురుగా ఎడ్లబండి రాదు. అట్టి మోటారునకు సడకు ఒక ద్వారమే కాదు.

దీనికి మారుగా 1932 జూనులో వచ్చిన బండ్లను చూడుడు. ఆ నెలలో నిజాము స్టేటు రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను పని ప్రారంభించెను. ఆ బస్సులు స్కాట్లండులోని ఆల్బియను కంపెనీవి. అవియు పరదేశపు బండ్లే, ఓడమీద వచ్చినవే. కాని వానిలో టిక్కెట్టు కొన్న ఎవరైనను కూర్చుండవచ్చును. మన ప్రాంతమునకు ఇట్టి బస్సు అవసరమెట్టిదో ఆలోచింపుడు. 1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గము పూర్తియై జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల మీదుగా రైలు సాగెను. కాని కరీంనగరమునకు గాని, జగిత్యాలకు గాని, నిర్మలకు గాని నాడు రైలు లేదు. రెండు జిల్లాల నడుమ గోదావరి. రైలు తాకని ఊళ్లవారికి సడకే దిక్కు. ఆ శాఖ 1951 నవంబరు 1న రైల్వేనుండి విడివడి ప్రభుత్వమునకు చెందినది; 1958లో రోడ్డు రవాణా సంస్థయైనది.

మోటారు అందరి బాటమీద నడచుటకు మొదలిడిన దేశమున చట్టము తప్పదు. బ్రిటిషు ఇండియాలో 1914లోనే మోటారు చట్టమొకటి వచ్చెను. బండిని రిజిస్టరు చేయవలెననియు, నడుపువానికి లైసెన్సు ఉండవలెననియు, 18 సంవత్సరములు నిండనివాడు నడుపరాదనియు అది విధించెను. దాని తరువాత 1939లో మరింత విపులమైన చట్టము వచ్చెను. హైదరాబాదు రాజ్యము ఇండియాలో కలిసిన పిమ్మట 1951లో ఆ చట్టము మన జిల్లాలకును వర్తించెను.

ఆ చట్టములో 87వ సెక్షను నేను చదివిననాడు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. పశువును తోలుకొనిపోవువాడు తన పశువు మోటారును చూచి బెదరి అదుపు తప్పునని భయపడి ఆపుమని కోరినచో, మోటారు నడుపువాడు బండిని ఆపి, అవసరమైనంతసేపు నిలిపియుంచవలెనని దాని తాత్పర్యము. 1939 చట్టము రద్దయి 1988లో కొత్త చట్టము వచ్చినప్పుడును ఈ నియమము పోలేదు. అది నేటికిని 132వ సెక్షనులో నిలిచియున్నది. వెట్టిచాకిరి నడచిన ఆ దినములలో దొర మోటారునకు ఎదురుగా చేయెత్తుట సాహసము. చట్టము ఆ చేతికి హక్కు నిచ్చినది. ఈ సెక్షనును నేను చదువునాటికి తాతగారు లేరు. ఆయనకు దానిని వినిపింపలేకపోతిని.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అమెరికా సైన్యమువారు మన దేశమున విడిచిన జీపులు, లారీలు పలుచోట్ల అమ్ముడుపోయెను. వాని చక్రము ఎడమవైపున నుండెను. నాడు మోటారు నడుపువాడు మలుపు తిరుగునప్పుడు కుడిచేయి బయటికి చాచి సంజ్ఞ చేయుట వాడుక. ఎడమను కూర్చున్నవాడు కుడివైపు సంజ్ఞ ఎట్లు చేయగలడు? వెనుక వచ్చువానికి అది కనబడదు. నిర్మలకు ఉత్తరమున మహబూబ్ ఘాటు వంకరలను ఎక్కువారికి ఈ చిక్కు బాగుగా తెలియును. ముందున్న బండిని దాటవలెనన్నచో ఎడమను కూర్చున్నవానికి ఎదుటి బాట కనబడదు. కనబడవలెనన్నచో ముందుగా తన బండిని ఎదుటివాని దారిలోనికి పోనీయవలెను. అందుచేతనే 1988 చట్టములోని 120వ సెక్షను ప్రకారము, ఎడమ చక్రపు బండికి మలుపును తెలుపు యంత్రపు సంజ్ఞగాని విద్యుత్ సంజ్ఞగాని లేనిదే దానిని నడుపరాదు.

ఇప్పుడు కథ మన యిండ్లకే వచ్చినది. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి వేలాదిమంది మన బిడ్డలు గల్ఫు దేశములకు పోయిరి. వారిలో చాలమంది అచ్చట డ్రైవర్లు. తిరిగివచ్చిన ఒక యువకుడు నన్నడిగెను: "నేను పదేండ్లు తోలిన బండి అక్కడ చౌకగ దొరుకుతది. పైకము నాది. ఊరికి తెచ్చుకుంటే ఎవరికేం నష్టము?"

ఆతని ప్రశ్న న్యాయమైనది. సమాధానము కూడ చెప్పవలెను. మన దిగుమతి నియమముల ప్రకారము వచ్చు కారునకు చక్రము కుడివైపున నుండవలెను. గల్ఫు దేశములన్నిటను బండ్లు కుడిప్రక్కను నడచును గనుక అచ్చటి బండ్ల చక్రము ఎడమవైపున నుండును. వేగము చూపు గడియారము కిలోమీటర్లలో చూపవలెను. ముందు దీపముల వెలుగు ఎడమప్రక్కను నడచు బాటకు తగినట్లు పడవలెను. లేనిచో రాత్రివేళ ఎదురుగా వచ్చువాని కన్నులలో ఆ వెలుగు కొట్టును. వాడిన బండియైనచో తయారై 3 సంవత్సరములు మించరాదు. అది ముంబయి రేవుననే దిగవలెను. దిగిన పిమ్మట ఇంకను 5 సంవత్సరములు సడకుమీద నడువగలదని యోగ్యతాపత్రము చూపవలెను. మన ప్రమాణములకు సరిపోవునో లేదో పూనాలోని పరీక్షాసంస్థ వంటివానిలో తేల్చవలెను. సుంకము బండి వెలకు సమానము కావచ్చును, మించనువచ్చును. ఇన్ని గడచిన తరువాత సుంకపు కాగితములతోను, బీమాతోను రవాణా కార్యాలయమునకు పోయి బండిని చూపినగాని సంఖ్య రాదు. ఆ సంఖ్యకు ముందు కరీంనగరమునకు టీజీ 02, ఆదిలాబాదునకు టీజీ 01 అను గుర్తులుండును. 2024 మార్చికి ముందు టీజీ స్థానమున టీఎస్ ఉండెను.

సుంకము భారమని ఆ యువకుడు వాదించినచో నేను కాదనను. సుంకము ఖజానాకు సంబంధించిన లెక్క. అది పెరుగును, తగ్గును. 1927లో తగ్గినది కూడ. కాని చక్రము, దీపములు, పరీక్ష – ఇవి ఖజానాకొరకు ఏర్పడినవి కావు. బండిలో కూర్చున్నవానికొరకు మాత్రమే ఏర్పడినవియు కావు. చీకటిలో పొలమునుండి వచ్చు కూలిమనిషికొరకు, బడికి పోవు పిల్లకొరకు, ఉట్నూరు కొండలలో ఎడ్లబండి తోలుకొనిపోవు గోండు రైతుకొరకు ఏర్పడినవి. వారెవరును ఆ బండిని కొనలేదు. ఐనను బాట వారిది.

ఈ మాట చెప్పగా ఆ యువకుడు కొంతసేపు ఊరకుండెను. పిదప, గల్ఫులో తాను మొదట బండి ఎక్కిననాడు కుడి ఎడమల తికమకవలన ఒకనిని ఢీకొట్టబోయి ఎట్లు తప్పించుకొనెనో తానే చెప్పెను. తిరిగివచ్చిన తరువాత ఇచ్చటను మొదటి దినములలో అట్టి తికమకయే కలిగెనట. చట్టము చెప్పు కారణము ఆతని యనుభవములోనే యుండెను.

కరోడ్‌గిరి పోయినది. హాలీ సిక్కా పోయినది. రాజ్యపు సరిహద్దు నాకాలు పోయినవి. ఆ మూడు ద్వారములలో సడకు ద్వారము మాత్రము నానాటికి గట్టిపడినది. అది గట్టిపడుట మనకు మేలు. కాని చట్టము పుస్తకములో నున్నంత మాత్రమున బండి ఆగదు. మీ యూరి చావడిలో, పంచాయతీలో యువకులు మోటారును గూర్చి ముచ్చటించునపుడు, పశువు బెదరినచో చేయెత్తినవానికి బండి ఆపవలెనను నియమమును వారికి తెలుపుడు. మోటారు ఏ దేశముననైనను పుట్టవచ్చును. మన సడకుమీద ఎత్తిన చేతికి ఆగిననాడే అది మన బండియగును.