ఇద్దరు కాటన్లు, ఒక వీరన్న

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది. ధవళేశ్వరం కాటన్ దొర మనందరికీ తెలుసు. ఆయన సోదరుడు హ్యూ కాల్వెలీ కాటన్ పేరు మాత్రం చాలామంది విని ఉండరు.

ఇద్దరూ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీర్లే. ఆర్థర్ 1803లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకి ఓడెక్కి మద్రాసు వచ్చాడు. మనలో చాలామంది ఆ వయసుకే వీసా పట్టుకుని వచ్చినోళ్ళమే కదా. కొలెరూన్ ఆనకట్టలు కట్టాక ఒళ్ళు పాడై, సెలవు మీద ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవికి పోయాడు. 1841లో అక్కడే ఎలిజబెత్ లెర్మాంత్‌ని పెళ్ళాడి తిరిగొచ్చాడు.

హ్యూ కూడా ఆ దీవికే వెళ్ళి అక్కడి సర్కారు కొలువులో చేరాడు. సర్వే శాఖలో డిప్యూటీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. చెరువులు, కాలవలతో దీవి మధ్య భూములు తడపాలని పెద్ద ప్లానే వేశాడు. పనిచేసేది ఎవరు? ఇంగ్లండు నుంచి శిక్ష పడి వచ్చిన ఖైదీలు. లాంగ్ మార్ష్ దగ్గర ఆనకట్ట మొదలెట్టారు కానీ పూర్తి కాలేదు. అప్పుడు ఆ వలస రాజ్యంలో డబ్బుకి కటకట. బడ్జెట్ ఆగితే సైట్ ఏమవుతుందో షార్జాలో సగం కట్టిన బిల్డింగులు చూసినోళ్ళకి నేను చెప్పాలా?

ఆర్థర్ సైట్ ఇంకా కష్టం. గోదావరిలో రాయి తగలదు, అంతా ఇసుకే. దుబాయ్‌లో పైల్స్ దించేవాళ్ళకి ఆ బాధ తెలుసు. మన దగ్గర పంపులు పెట్టి నీళ్ళు తోడేస్తాం, 1847లో ఆయనకి అవెక్కడివి? ఇసుకలోకి బావులు దించి, వాటి మీద కట్టుబడి లేపి, నీటి దెబ్బ తగిలేచోట రాళ్ళు పరిచాడు. కావేరి మీద పాత చోళుల ఆనకట్ట చూసి నేర్చుకున్న పద్ధతే. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాల మీద నదికి తోయించాడు. 1852కి పని అయిపోయింది.

హ్యూది ఆగి ఆర్థర్‌ది నిలవడానికి కారణం తెలివి ఒక్కటే కాదు. 1832-33 కరువులో ఎండిపోయిన జనం కూలి దొరికితే చాలని వచ్చారు. నీరు పారితే శిస్తు పెరుగుతుందని కంపెనీ డబ్బు పెట్టింది. దొరని దేవుడిగా చూసేవాళ్ళకి ఈ మాట నచ్చదు, కానీ లెక్క అదే.

ఇంకో కారణం వీణెం వీరన్న. ఊళ్ళు తిరిగి కూలీలని పోగు చేసి, వేలమందిని నడిపించిన తెలుగు ఓవర్‌సీయర్. ఇవాళ్టి మాటలో సూపర్‌వైజరే. దొరకీ కూలీకీ మధ్య నిలబడి రెండు వైపులా మాట పడే ఉద్యోగం, నాకు బాగా తెలుసు. కాటన్ ఆయన్ని రాతపూర్వకంగానే మెచ్చుకున్నాడు. బ్యారేజీకి కాటన్ పేరుంది, ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. వీరన్న పేరు గోదావరి జిల్లాల్లో కొందరికే తెలుసు. రాళ్ళు మోసినోళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు.