చిత్రపటం అంచున నిలిచినవారు

కోల్‌కతాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో కర్నల్ కాలిన్ మెకంజీ సమాధి ఉన్నది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన ఆయన 1821లో మరణించాడు. దక్షిణాది శాసనాలను, కైఫీయతులను, వ్రాతప్రతులను సేకరించిన మహనీయునిగా చరిత్ర ఆయనను స్మరిస్తున్నది. అయితే ఆ సేకరణకు వెన్నెముకగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

1816లో థామస్ హికీ రచించిన తైలవర్ణ చిత్రంలో ఎర్రని సైనిక దుస్తులు ధరించిన మెకంజీ ప్రధాన వ్యక్తి. ముగ్గురు భారతీయులు ఆయనకు పరివారంగా నిలిచి ఉన్నారు. దూరాన కొండపై గోమటేశ్వర విగ్రహం కనిపిస్తుంది. ఆ నేలను ఎరిగినవారు పరిచారకులైనారు. ఆ నేల కేవలం నేపథ్యమైనది. ఆ ముగ్గురిలో ఒకరు లక్ష్మయ్య అని పండితుల భావన.

ఈ దృష్టి కుంచెకే పరిమితం కాలేదు. మెకంజీ అనంతరం ఆ కృషిని కొనసాగించగోరిన లక్ష్మయ్యను, 1830వ దశకంలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అందుకు సమర్థునిగా అంగీకరించలేదు. సేకరణకు పనికివచ్చిన స్థానికుని మేధ విమర్శకు చాలదన్నదే అందలి భావం. విచిత్రమేమంటే, అదే కలకత్తాలో 1829లోనే రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఆంగ్లంలో ప్రకటించి ఉన్నాడు.

మెకంజీ శ్రద్ధ లేకున్న మన గ్రామచరిత్రలెన్నో నశించి ఉండేవి. ఆ ఋణం కాదనరానిది. కాని కైఫీయతులను చదివేవారు కావలి సోదరులను సైతం పేరుపేరునా తలచుకొనుట న్యాయం.